నువ్వు కాదు

తాతారావు కొబ్బరికాయ ఒలవడం చూడాలంటే పొద్దున్న ఆరింటికల్లా షెడ్డు దగ్గరికి వెళ్ళాలి. నేలలో పాతిన ఇనుప గునపం ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాడు. కాయని రెండు చేతులా ఎత్తి మొన మీద ఒక దెబ్బ వేస్తాడు. ఒక తిప్పు, ఇంకో దెబ్బ, ఇంకో తిప్పు, అంతే. డొక్క ఇటు పడుతుంది, కాయ అటు పడుతుంది. కొత్తపేట దాటాక మా కాలవ గట్టు పొడుగునా పది పన్నెండు షెడ్లున్నాయి గానీ, రోజుకి వెయ్యి కాయ దాటించి సాయంత్రం కూడా నడుం వంగకుండా ఇంటికి వెళ్ళేవాడు వీడొక్కడే. నేను ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను. సంధి విడదీయమంటే చెమటలు కక్కిన వాళ్ళే తప్ప, దేన్నయినా ఇంత శుభ్రంగా విడదీసే శిష్యుణ్ణి ఒక్కణ్ణీ తయారు చేయలేకపోయాను.

నా పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక ఊరంతా మేస్టారనే అంటారు. మా తాత శరభయ్య గారు ఘనపాఠి. ఆయన నోట ఒక్క స్వరం కూడా తప్పేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి ఆయన మనవడు కూలీల యూనియన్‌కి పాటలూ నాటకాలూ రాస్తున్నాడని మా వాళ్ళు కొన్నాళ్ళు బాధపడి, తర్వాత అలవాటు పడిపోయారు. నాకు కోపం ఎక్కువ. దాచుకుంటే దాగేది కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఎవరైనా మాట తప్పుగా పలికితే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ ఒక్కటీ తాతగారి ఆస్తి.

తాతారావు నాకు పాట వల్ల దొరికాడు. ఇరవయ్యేళ్ళ కిందటి మాట. సభ్యత్వం రసీదులు పట్టుకుని షెడ్లు తిరుగుతుంటే గునపం దెబ్బకి సరిగ్గా తాళం కుదిరేలా ఎవడో పాడుతున్నాడు. వెళ్ళి చూస్తే వీడు. అప్పటికి పాతికేళ్ళుంటాయేమో. ఏడో తరగతితో బడి మానేశాడు. పాట ఎవరిదని అడిగితే ఎవరిదీ కాదండి, కాయతో పాటే వచ్చిందండి అన్నాడు. మళ్ళీ పాడించుకున్నాను.

చెట్టు కాసిన కాయ షావుకారి కొట్టుకి
గట్టు కాసిన కాయ గంపెక్కి సంతకి
సెయ్యి కాసిన కాయ ఏ కొట్టుకెళ్ళాలి
ఎవుడు కొంటాడోయి ఏపాటి రేటుకి

పాడడం అయ్యాక రెండు అరచేతులూ తిప్పి చూపించాడు. కాయలు కాసి కాసి అరచేతిలో గీతలే కనబడడం లేదు. నేను పాతికేళ్ళు ఛందస్సు చదివి ఆ ముక్క రాయలేకపోయాను. అసూయ కూడా కలిగింది, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ పాటని యూనియన్ పాటల పుస్తకంలో వేయించాను. వేయించే ముందు దిద్దాను. 'సెయ్యి'ని 'చేయి' చేశాను, 'ఎవుడు'ని 'ఎవ్వడు' చేశాను, ఆఖరి పాదంలో 'శ్రమజీవి' అని ఒకటి ఇరికించాను. దిద్దిన పాట వినిపిస్తే తాతారావు శ్రద్ధగా విని "ఆయ్" అన్నాడు. మర్నాడు షెడ్డులో తన పాటే పాడుకున్నాడు. మా గోదావరి జిల్లాల బయటివాళ్ళకి ఈ ఆయ్ అంత తొందరగా బోధపడదు. సరేనండి అని కొంత, విన్నానండి అని కొంత, తమరి మాట కాదనే వాణ్ణి కానండి అని కొంత. ఒప్పుకున్నాడో లేదో మాత్రం అందులో ఉండదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తర్వాత పద్నాలుగేళ్ళు మా యూనియన్ నాటక దళంలో వాడు పాటగాడిగానే ఉన్నాడు. మేడేకి, సమ్మెలకి, సంతాప సభలకి పాడేవాడు. స్టేజి మీద మాట మాట్లాడే పని వాడికెప్పుడూ ఇవ్వలేదు. ఆ అవసరం 'కాయ ఎవరిది' అనే నా నాటకంతో వచ్చింది.

అప్పుడు షెడ్లలో ఒక అన్యాయం నడుస్తుండేది. ఒలిచిన కాయల్లో కొన్నిటిని షావుకారు చెడ్డకాయలని పక్కకి తోసేసి, వాటికి ఒలుపు కూలి కట్టేవాడు కాదు. సాయంత్రం చూస్తే ఆ చెడ్డకాయలే మంచి కాయల్లో కలిసి బస్తాలకెక్కేవి. దాని మీద మేడేకి ముందు యూనియన్ వాళ్ళు సమ్మె నోటీసు ఇచ్చారు. భయం భయంగా ఉన్న కూలీలకి కాస్త ధైర్యం రావాలని నాటకం రాయమన్నారు, రాశాను. కథ ఎంతో లేదు. షావుకారు కాయలు తోసేస్తుంటాడు. కూలివాడూ వాడి పెళ్ళామూ చూస్తూ ఊరుకుంటారు. చివరికి పెళ్ళాం చీదరించుకుని వెళ్ళిపోతుంది. అప్పుడు కూలివాడు షావుకారు ముందుకి వచ్చి మూడు మాటలు అంటాడు. "నువ్వు కాదు లెక్క చెప్పేది. నేను చెబుతాను. నువ్వు విను." నాటకమంతా ఆ మూడు మాటల కోసమే.

కూలివాడి వేషం తాతారావుకే ఇచ్చాను. ఆ చేతులు చూపిస్తే చాలు, సగం నాటకం అయిపోయినట్టే. షావుకారుగా ఆర్టీసీ కండక్టరు మురళీమోహన్, పెళ్ళాంగా పీచు మిల్లులో పనిచేసే ఎలీసమ్మ. సైకిల్ షాపు పైన యూనియన్ గదిలో రిహార్సళ్ళు మొదలుపెట్టాం. మొదటి రోజునే కొంప మునిగింది. మురళీమోహన్ తన మాట చెప్పి నిలబడ్డాడు. తాతారావు ముందుకొచ్చి, రొమ్ము విరిచి, కళ్ళెర్రజేసి, "మీరు కాదండి లెక్క చెప్పేది. నేను చెబుతానండి. మీరు వినండి" అన్నాడు.

ఎలీసమ్మ పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ చెప్పించాను, మళ్ళీ అదే. 'అండి' తీసేయరా అంటే తీసేశాడు. "మీరు కాదు లెక్క చెప్పేది" అన్నాడు. 'మీరు' కూడా తీసేయరా అంటే అసలు మాటే ఆగిపోయింది. కాయితం మీద రాసి ఇచ్చాను. కాయితం చూసి చదివితే చక్కగా నువ్వు అన్నాడు, కాయితం మడిచి జేబులో పెట్టేసరికి మీరు అన్నాడు. మేకని మీరంటావురా, కుక్కని మీరంటావురా అని అరిచాను. అననండి అన్నాడు. పోనీ షావుకారుని కుక్కనుకో అన్నాను. కుక్క పంచె కట్టదు కదండీ అని ఎలీసమ్మ అందుకుంది.

చిత్రమేమంటే అది నిజమే. మురళీమోహన్ లుంగీలో ఉన్నంతసేపూ తాతారావు నోట నువ్వు పలికేది. ఇస్త్రీ పంచె కట్టి, కండువా వేసుకుని, చేతికి గడియారం పెట్టుకునేసరికి నాలిక మడత పడిపోయేది. మర్యాదంటే మా వాళ్ళకి ప్రాణం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కానీ ఈ మంచి నోరు పెట్టుకుని ఎన్ని తరాలు తల వంచుకుని నిలబడ్డారో నాకు తెలుసు కాబట్టి కోపం వచ్చేది. "మురళీమోహన్ గారూ, మీరు ఇంకాస్త గద్దించండి, వీడికి రోషం రావాలి" అనేవాణ్ణి. "ఒరేయ్ తాతారావూ, నువ్వు ఆయన కళ్ళలోకి చూడరా" అనేవాణ్ణి. అమలాపురంలో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే గోపీకృష్ణ అనే కుర్రాడు అప్పుడే దళంలో చేరాడు. రోజూ వచ్చి మూల కూర్చునేవాడు. ఎందుకైనా మంచిదని, "గోపీకృష్ణ గారూ, మీరూ ఈ పాఠం నేర్చుకుని ఉంచండి" అన్నాను. ఆ మాట తాతారావు ముందే అన్నాను. వాడికి కాస్త భయం ఉండాలని నా ఉద్దేశం.

మేడే ముందు రోజు రిహార్సల్లో పంచె కట్టిన మురళీమోహన్ ముందు తాతారావు మూడు మాటలూ తప్పు లేకుండా చెప్పాడు. నమ్మలేక ఇంకోసారి చెప్పించాను, మళ్ళీ సరిగ్గానే చెప్పాడు. ఇంటి దగ్గర ఏం సాధన చేశాడో తెలియదు. వాడి భార్య పాపాయమ్మ తర్వాత ఎలీసమ్మతో చెప్పిందట, వారం రోజులు కాలవ గట్టున నిలబడి వచ్చే పోయే పంటు పడవలతో నువ్వు నువ్వు అని మాట్లాడుతున్నాడని. నేను మెచ్చుకోవాల్సింది. మెచ్చుకోలేదు. "రేపు గనక అక్కడ అండీ అన్నావంటే, నడి నాటకంలో నిన్ను దింపేసి గోపీకృష్ణ గారి చేత చేయిస్తాను" అన్నాను. "ఆయ్" అన్నాడు.

మర్నాడు సాయంత్రం షెడ్ల వీధిలో లారీ పక్క రేకులు దించి స్టేజి చేశారు. వెనక నీలం తెర కట్టారు. ఆ తెర వెనక పుస్తకం పట్టుకుని నేను, నా పక్కన కూలివాడి వేషంతోనే గోపీకృష్ణ. తెరకి ఒక చీలిక ఉంది, అందులోంచి మాట అందించాలి. జనం బాగా వచ్చారు. ఒలుపు వాళ్ళు, చెట్లెక్కి కాయలు కోసే దింపు వాళ్ళు, పీచు మిల్లు ఆడవాళ్ళు, రోడ్డుకి అటు పక్క షావుకార్ల మనుషులు. నాటకం సగంలో బాపిరాజు గారు కారు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఆయన తాతారావు పనిచేసే షెడ్డు యజమాని. నేను చీలికలోంచి చూశాను.

ఎలీసమ్మ చీదరించుకుని లారీ దిగి వెళ్ళిపోయింది. మురళీమోహన్ కాయ తోసేసి, "నా షెడ్డు, నా కాయ, నా లెక్క. తెలిసిందా?" అన్నాడు. తాతారావు ముందుకి రెండడుగులు వేశాడు. ఆగాడు.

జనం ఎదురు చూస్తున్నారు. వాడు నోరు తెరవడం లేదు. బాపిరాజుని చూసి ఉంటాడనుకున్నాను. చీలికలో ముఖం పెట్టి మాట అందించాను. "నువ్వు కాదు" అన్నాను. వాడు తల తిప్పి నా వైపు చూశాడు. మాట కావాలనుకుంటున్నాడని ఇంకాస్త గట్టిగా, పళ్ళు బిగించి, "నువ్వు కాదు, నువ్వు కాదు" అన్నాను.

"ఆయ్" అన్నాడు తాతారావు. మైకులో వీధంతా వినబడింది. అని, మెల్లగా వెనక్కి వచ్చి తెర పక్క నుంచి దిగిపోయాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. షావుకారు తెలిసిందా అన్నాడు, కూలివాడు ఆయ్ అని వెళ్ళిపోయాడు. నాటకం అయిపోయిందనుకుని ముందు వరుసలో ఒకడు చప్పట్లు కొట్టాడు. రోడ్డుకి అటు పక్క నవ్వులు మొదలై ఇటు పక్కకి వచ్చాయి. నేను గోపీకృష్ణ వీపు మీద చెయ్యి పెట్టి స్టేజి మీదకి తోశాను. అతను మూడు మాటలూ స్పష్టంగానే చెప్పాడు. అప్పటికి వినే వాళ్ళెవరూ లేరు.

లారీ వెనక తాతారావు తలపాగా విప్పి మడత పెడుతున్నాడు. నేను వాణ్ణి అనరాని మాటలన్నాను. వెన్నెముక లేని వాడివన్నాను. యజమాని కనబడగానే తోకాడించావన్నాను. పద్నాలుగేళ్ళు పాడిన పాటలన్నీ బూడిదలో పోశావన్నాను. మురళీమోహన్ నా చెయ్యి పట్టుకుని లాగాడు. తాతారావు అంతా విని ఆయ్ అన్నాడు. దాంతో ఇంకా మండింది.

ఆ సమ్మె సగంలో వీగిపోయింది. ఒక నాటకం వల్ల వీగిపోయిందనడం అన్యాయం, కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆ తర్వాత చర్చలకి వెళ్ళినప్పుడల్లా షావుకార్లు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని ఆయ్ అని నవ్వేవారు. బాపిరాజు గారు టీ కొట్టు దగ్గర నన్ను ఆపి, "మీరెన్ని నేర్పించినా మా వోడు మా వోడేనండి మేస్టారూ" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. వాడి పేరు ఆయ్ తాతారావు అయిపోయింది. వాడి కూతురు సాయిదుర్గని కాలేజీ బస్సులో ఆయ్ గారమ్మాయని పిలిచేవారట. ఆ పిల్ల ఒకసారి బస్సు దిగి నడిచి వచ్చేసిందని విన్నాను. పాపాయమ్మ నేను ఎదురుపడితే తల పక్కకి తిప్పుకునేది. మొగుడు చేసిన తప్పుకి నా మీద అలకేమిటని నవ్వుకునేవాణ్ణి.

తాతారావు మాత్రం దళం వదల్లేదు. వేషం లేదు, పాట కూడా వేరే వాళ్ళకి వెళ్ళింది. తెరలు కట్టేవాడు, మైకు పెట్టెలు మోసేవాడు, ఆట జరుగుతుంటే జనం వెనక చేతులు కట్టుకుని నిలబడేవాడు. మధ్యలో కరోనా రెండేళ్ళు పోను, గోపీకృష్ణతో ఆ నాటకం ముప్ఫై ఆటలు ఆడాం. ముప్ఫయ్యింటికీ వచ్చాడు. మా మధ్య మాటలు మాత్రం పనికి సరిపడా ఉండేవి. ఒరేయ్ ఆ తాడు లాగు, ఆయ్. ఒరేయ్ ఆ పెట్టె ఇటు పెట్టు, ఆయ్. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం నేను. వాడు పిరికివాడని ఒకసారి అనుకున్నాక మళ్ళీ ఆలోచించే పని పెట్టుకోలేదు.

ఈ ఏడు మళ్ళీ షెడ్లలో చెడ్డకాయల గొడవ లేచింది. ఈసారి కలెక్టరాఫీసు దాకా వెళ్ళేలా ఉంది. మేడేకి 'కాయ ఎవరిది' మళ్ళీ వెయ్యాలన్నారు. గోపీకృష్ణకి విశాఖపట్నంలో ఉద్యోగమై వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల్లో ఆ పాఠం నేర్చుకుని చెప్పగలిగేవాడు ఎవరా అని వెతుకుతుంటే ఎలీసమ్మ, వెతకడం దేనికండీ, తాతారావుకి అందరి పాఠాలూ కంఠతా వచ్చు కదండీ అంది. చెప్పొద్దూ, నాకు ఇష్టం లేదు. వేరే దారి లేక మధ్యాహ్నం అన్నం వేళకి షెడ్డు దగ్గరికి వెళ్ళాను.

డొక్కల గుట్ట నీడలో క్యారేజీ విప్పుకుని కూర్చున్నాడు. నలభై అయిదు దాటాయి, కణతల దగ్గర తెల్లబడ్డాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. సంగతి చెప్పి, నువ్వే చెయ్యాలిరా అన్నాను. ఆయ్ అన్నాడు. ఆగి, చెయ్యి కడుక్కుని వచ్చి, తలొంచుకుని ఒక కోరిక కోరాడు.

"తెర ఎనకాల మాత్రం ఎవరూ వద్దండి."

మాట మర్చిపోతే ఎవరు అందిస్తారురా, పోయినసారి చేసిన నిర్వాకం చాలదా అన్నాను.

"అప్పుడు మర్చిపోలేదండి" అన్నాడు. కోపంగా అనలేదు, ఎదురు చెబుతున్నట్టు కూడా అనలేదు. కాయ మంచిదో చెడ్డదో చెప్పినట్టు చెప్పాడు. "మాట నోట్లోనే ఉందండి. ఊపిరి తీసుకుంటన్నాను. ఈలోగా మీరు నువ్వు కాదు, నువ్వు కాదు అన్నారండి."

అది మాట అందించడం రా, నీ పాఠం అదే కదరా అన్నాను.

"ఆయ్. తర్వాత గోపీ గారు సెప్పినప్పుడు తెలిసిందండి. అప్పటికప్పుడు నన్ను వద్దంటన్నారనుకున్నానండి. ముందురోజు దింపేస్తానన్నారు కదండీ. గోపీ గారు ఏసం కట్టుకుని మీ పక్కనే ఉన్నారు."

బాపిరాజుని చూసి కాదా అని అడిగాను. ఆయన వచ్చినట్టే తనకి తెలియదన్నాడు. లైట్ల వెలుగులో ముందు వరుస తప్ప ఏమీ కనబడలేదట. నేను అక్కడే కాయల బస్తా మీద కూర్చున్నాను. మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదురా అంటే, తమరు కోపం మీద ఉన్నారండి, కోపం తగ్గేక సెబుదామనుకున్నానండి అన్నాడు. ఆరేళ్ళయినా అది తగ్గిన జాడ కనబడలేదు కాబోలు. అయినా నా బుద్ధి చూడండి, అప్పుడు కూడా తప్పు వాడి మీదకే తొయ్యాలని చూశాను. నాటకంలో మాట వినబడితే నాటకంలో మాటే అనుకోవాలి గానీ, నిన్నేనని ఎలా అనుకున్నావురా అన్నాను.

తాతారావు క్యారేజీ పక్కకి జరిపాడు. నేను అర్థం చేసుకోలేనేమోనని మెల్లగా విడమర్చి చెప్పాడు.

"మురళీ గారిని మీరు అంటారండి. గోపీ గారినీ మీరు అంటారు. ఎలీసమ్మ అప్పటికే దిగిపోయింది. ఆ లారీ మీద మీ నోట నువ్వు అనిపించుకునేవోణ్ణి నేనొక్కణ్ణేనండి."

గునపాల దగ్గర పని మళ్ళీ మొదలైంది. వాడు క్యారేజీ మూత పెట్టి, వస్తానండి అని వెళ్ళిపోయాడు. నేను చాలాసేపు ఆ బస్తా మీదే కూర్చున్నాను. మురళీమోహన్ తాతారావు కంటే అయిదేళ్ళు చిన్న. గోపీకృష్ణ పదిహేనేళ్ళు చిన్న. ఇద్దరికీ మీరు అనే అన్నాను. ఎవరికేం అనాలో నేను ఎన్నడూ ఆలోచించి పెట్టుకోలేదు, నోరే పెట్టుకుంది. షావుకారుని నువ్వనడం నేర్చుకోమని వాణ్ణి నెలరోజులు కాల్చుకు తిన్నవాణ్ణి నేను. సిగ్గేసింది. మా తాతగారి స్వరం తప్పని నోరు నాకూ వచ్చిందని మురిసిపోయేవాణ్ణి. ఈ కథ రాసేటప్పుడు వాడు, వీడు అనే వచ్చేస్తోంది. దిద్దుదామని మొదటి పేజీ తీసి నాలుగు చోట్ల 'ఆయన' అని మార్చాను. చదివితే ఎవరి గురించో రాసినట్టుంది. మళ్ళీ కొట్టేశాను.

మేడే నాడు తెర వెనక ఎవరూ లేరు. నన్ను ముందు వరుసలో, పట్టా మీద, ఒలుపు వాళ్ళ మధ్య కూర్చోబెట్టారు. చేతిలో పుస్తకం లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పాపాయమ్మా, సాయిదుర్గా రోడ్డు పక్క అరుగు మీద నిలబడి ఉన్నారు. ఆ పిల్ల ఇప్పుడు ముమ్మిడివరంలో ఒక బడిలో పాఠాలు చెబుతోంది. తండ్రి మళ్ళీ వేషం కడుతున్నాడని సెలవు పెట్టి వచ్చింది. రెండు చేతులతో తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఈసారి కూడా తండ్రి తడబడితే ఆ పిల్ల ఇంక ఏ బస్సూ ఎక్కలేకపోతుంది.

నాటకం సాగింది. ఎలీసమ్మ దిగి వెళ్ళిపోయింది. మురళీమోహన్ కండువా సర్దుకుని తెలిసిందా అన్నాడు. తాతారావు రెండడుగులు ముందుకి వేసి ఆగాడు.

ఆరేళ్ళ కిందట ఆగినంతసేపే ఆగాడు. నా పెదాల మీదకి మాట వచ్చేసింది. నోరు గట్టిగా మూసుకున్నాను. వాడి ఛాతీ పొంగడం ఇక్కడి నుంచి స్పష్టంగా కనబడింది. నిజంగానే ఊపిరి తీసుకుంటున్నాడు. తెర వెనక నుంచి వీపు తప్ప కనబడేది కాదు నాకు.

"నువ్వు కాదు లెక్క చెప్పేది" అన్నాడు. అరవలేదు. "నేను చెబుతాను. నువ్వు విను."

వినాల్సిన వాడు మురళీమోహనే అయినా, పక్కనున్న ఒలుపు వాళ్ళంతా ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. తర్వాత తాతారావు రెండు అరచేతులూ జనం వైపు తిప్పి, నేను రాయని పని ఒకటి చేశాడు, తన పాట ఎత్తుకున్నాడు. నేను దిద్దింది కాదు, వాడిదే. రెండో పాదానికి పీచు మిల్లు ఆడవాళ్ళు అందుకున్నారు. మూడో పాదానికి ఆయ్ తాతారావని పిలిచిన వాళ్ళు కూడా అందుకున్నారు. సాయిదుర్గ అరుగు దిగి జనంలోకి తోసుకుంటూ వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అంతా అయ్యాక లారీ వెనక్కి వెళ్ళాను. తాతారావు ముఖానికి పూసిన రంగు తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. ఎలీసమ్మా మురళీమోహనూ చెరో పక్కా నిలబడి ఏదో వేళాకోళమాడుతున్నారు, నవ్వుతున్నాడు. నేను దారిలోనే మాట కూర్చుకున్నాను. నాలుగైదుసార్లు లోపల చెప్పుకున్నాను కూడా. వెళ్ళి, చేతులు జోడించి అన్నాను.

"తాతారావు గారూ, మీరు చాలా బాగా చేశారండీ."

తువ్వాలు ఆగిపోయింది. ఎలీసమ్మ వైపు చూశాడు, మురళీమోహన్ వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

"ఎక్కడ తప్పు సేసేనండీ మేస్టారూ?" అన్నాడు. "ఎంత కోపమొచ్చినా తిట్టండి, పడతాను. ఇలా మాత్రం అనకండి."